ఉయ్యాల చౌక, నిద్ర ఖరీదు



ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా పనికివచ్చే వ్యాసం వ్రాసి ఇమ్మని సంఘం కార్యదర్శి నన్ను అడిగినపుడు, భౌతికశాస్త్రం మాస్టారిని గనుక ఏ ఉపగ్రహం గురించో వ్రాస్తానని అతననుకొని ఉంటాడు. నేను మాత్రం ఉయ్యాల గురించి వ్రాయ దలచుకొన్నాను. నవ్వకండి. 2024 డిసెంబరులో మనవాళ్ళు కొందరితో కలిసి లంబసింగి కొండమీద ఉయ్యాలలో ఒక రాత్రి గడిపాను. ఆ ఒక్క రాత్రికి ముందు మేము వేసిన లెక్కలు, తిన్న దెబ్బలు, పెట్టిన ఖర్చు చెబితే తరువాత వెళ్ళేవారికి ఉపయోగపడుతుందని నా ఆశ.

నోటీసుబోర్డు మీది జాబితా

మొదట ఈ ఆలోచన విద్యార్థులదే. గుడారాలు వద్దు, చెట్లకు ఉయ్యాలలు కట్టుకొని పడుకుందాం అన్నారు. ఇందులో తెలివి లేకపోలేదు. కొండవాలులో గుడారానికి చదునైన నేల దొరకదు. దొరికినా రాళ్ళు, తేమ, చీమలు. రెండు చెట్లుంటే చాలు, ఉయ్యాలకు నేలతో పనిలేదు.

కావలసిన సామాను జాబితా ఒకటి తయారుచేసి నోటీసుబోర్డుకు అంటించారు. ఆన్‌లైనులో చూసి వేసిన ధరలు: దోమతెరతో సహా ఉయ్యాల 4,500 రూపాయలు, చెట్టుకు కట్టే పట్టీలు 1,200, పైన కప్పే షీటు 3,000, కింద కట్టుకొనే దూది పరుపు లాంటిది 5,000. వెరసి మనిషికి 13,700 రూపాయలు.

మొదటి రోజు పద్దెనిమిది పేర్లు వచ్చాయి. మరునాటికి తొమ్మిది కొట్టివేయబడ్డాయి. అందులో ఒకటి రెండో సంవత్సరం చదివే ఒక కుర్రవాడిది. వాళ్ళ నాన్నగారు ఇక్కడి బెల్లం మార్కెట్లో కళాసీ. "ఏమయ్యా, ఎందుకు మానుకొన్నావు?" అంటే, "పరీక్షలున్నాయి సార్" అన్నాడు. పరీక్షలు మార్చిలో. అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసునని అతనికీ తెలుసు. విహారయాత్ర పేరుతో మనం ఒక గోడ కడుతున్నాం గదా అనిపించింది. ఆ జాబితాను నేనే తీసివేసి, ఇదే సామాను మన ఊళ్ళో మన చేతులతో ఎంతలో వస్తుందో చూద్దామన్నాను.

ఉయ్యాల మనకు కొత్తదా?

ఉయ్యాలలో పడుకోవడం పాశ్చాత్యుల పద్ధతి అని కొందరి భ్రమ. 1492లో కొలంబస్ బహామా దీవులు చేరినపుడు అక్కడి ప్రజలు వలల్లో పడుకోవడం చూశాడు. 'హమాకా' అనే వారి మాటే స్పానిష్‌లోకి, అక్కడినుండి ఇంగ్లీషులోకి హేమక్‌గా వెళ్ళింది. నేలబారున తడిలో పడుకొనే నావికులకు అది వరమైంది. ఓడల్లో కొన్ని శతాబ్దాలపాటు నావికుల పడక అదే. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం అడవుల్లో పోరాడే సిపాయిలకు పైకప్పు, దోమతెర కలిపి కుట్టిన ఉయ్యాలలు ఇచ్చింది.

మరి మన సంగతి? దూలానికి అమ్మ చీర కట్టి అందులో పడుకోబెడితేనే గదా మనమందరం నిద్రపోయింది! పొలంగట్టున తుమ్మకొమ్మకు కట్టిన జోలె ఏ ఊళ్ళో లేదు? తేడా అల్లా బరువులో ఉంది. చంటిపిల్ల బరువు ఐదారు కిలోలు. మీ బరువు అరవై. చీరకొంగు ముడి అక్కడ పనికివచ్చినంత మాత్రాన ఇక్కడ పనికిరాదు. ఇది మేము దెబ్బ తిని నేర్చుకొన్న పాఠం.

"బట్టలారేసుకోడానికా?"

ప్రయాణానికి ముందు ఒక ఆదివారం ఊరి బయట తెలిసినవారి మామిడితోటలో పరీక్ష పెట్టుకొన్నాం. పశువుల కొట్టంలో దొరికిన కొబ్బరితాడుతో ఒక దుప్పటి కట్టారు. వంగకూడదని ఇద్దరు కుర్రవాళ్ళు తాడును బలంకొద్దీ లాగి బిగించారు. తోట కాపలాదారు చూసి, "ఏటి బాబూ ఇది? బట్టలారేసుకోడానికా?" అన్నాడు. అందరం నవ్వాం. నాతో సహా. ఒక విద్యార్థి అందులో కూర్చొని కాళ్ళు పైకెత్తాడో లేదో ఫటేలున తాడు తెగింది. నేలకు అడుగున్నర ఎత్తే గనుక సరిపోయింది. అయినా పాపం, రెండు రోజులు క్లాసులో బెంచీ మీద వంకరగా కూర్చొన్నాడు. భౌతికశాస్త్రం చెప్పే నేను పక్కనే నిలబడి ఉండగా జరిగిన ప్రమాదమిది, నింద నాదే.

ఇందులో సూత్రం ఇంటర్మీడియట్ పాఠమే. ఉయ్యాల బరువును రెండువైపుల తాళ్ళు మోస్తాయి. మనిషి బరువులో సగాన్ని, తాడు క్షితిజ సమాంతరంతో చేసే కోణం యొక్క సైన్ విలువతో భాగిస్తే ఒక్కొక్క తాడులోని తన్యత వస్తుంది. 60 కిలోల మనిషికి లెక్కవేస్తే ఇలా ఉంటుంది:

కోణం 30 డిగ్రీలు అయితే ఒక్కొక్క తాడు మీద 60 కిలోల బరువు.
15 డిగ్రీలు అయితే సుమారు 116 కిలోలు.
10 డిగ్రీలు అయితే సుమారు 173 కిలోలు.
5 డిగ్రీలు అయితే సుమారు 344 కిలోలు.

చూశారా? తాడు ఎంత బిగిస్తే దానికి అంత ప్రాణాంతకం. దబ్బున కూర్చొంటే ఇంకా ఎక్కువ. కనుక 30 డిగ్రీలు మన ప్రమాణం. కోణమానిని అక్కరలేదు. ఏడడుగులు అడ్డంగా పోయేసరికి నాలుగడుగులు కిందికి దిగితే దాదాపు 30 డిగ్రీలే. చెట్ల మధ్య దూరం పద్నాలుగు అడుగులైతే, తొమ్మిదడుగుల ఉయ్యాలకు సుమారు ఐదున్నర అడుగుల ఎత్తున పట్టీ కట్టాలి. కూర్చొన్నపుడు నేలకు అడుగున్నర ఎత్తుకు మించకూడదు. పడినా లేచి నవ్వుకోగలిగే ఎత్తు అది.

బిగించకపోతే నడుము వంగిపోదా అని మీ సందేహం. నిలువునా పడుకొంటే వంగుతుంది, నిజమే. ఉయ్యాలలో కొంచెం ఐమూలగా, తల ఒక పక్కకు, కాళ్ళు రెండో పక్కకు వేసి పడుకోవాలి. అపుడు గుడ్డ పరుచుకొని వీపు చదునవుతుంది. వదులుగా కట్టిన ఉయ్యాలలోనే ఇది సాధ్యం.

ఇక ముడి. ఆ కళాసీగారి అబ్బాయిని నేను బలవంతంగా పిలిపించాను. అతను తాడు చేతిలోకి తీసుకొని, "సార్, మా నాన్న మూట కట్టేటపుడు ముందు రెండు చుట్లు వేస్తారు, ఆ తరవాతే ముడి. బరువు చుట్టు మీద పడుద్ది, ముడి మీద పడదు" అన్నాడు. ఘర్షణ గురించి నేను గంటసేపు చెప్పే పాఠం అతను ఒక్క మాటలో చెప్పేశాడు. ఆ రోజునుండి ముడుల విషయంలో అతనే మాకు గురువు.

ఖర్చు వివరం

దుకాణాలు తిరిగి, బేరమాడి, చివరకు ఒక్క మనిషి సామానుకు మేము పెట్టిన ఖర్చు ఇది.

ఒకటి, ఉయ్యాల గుడ్డ. బజారులో పారాచూట్ గుడ్డ అంటారే, ఆ నైలాను గుడ్డ మూడు మీటర్లు, మీటరు 110 చొప్పున 330 రూపాయలు. రెండు చివరలా తాడు దూరేటట్టు మడిచి మూడు వరుసలు కుట్టినందుకు దర్జీకి 80. మొత్తం 410.

రెండు, కట్టుబడి. రెండంగుళాల వెడల్పు పాలిస్టర్ పట్టీ, లారీలమీద సరుకు బిగించడానికి వాడే రకం, ఆరు మీటర్లు 270. బరువు అంకె చెక్కి ఉన్న ఉక్కు కొక్కేలు రెండు 180. ఎనిమిది మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు నాలుగు మీటర్లు 80. మొత్తం 530.

మూడు, దోమతెర. ఒంటిమంచానిది 350, వేలాడదీసే దారం 20. మొత్తం 370.

నాలుగు, కింది పొర. ఫోమ్ చాప 250, రగ్గు 450. మొత్తం 700.

ఐదు, పైకప్పు. తొమ్మిది బై పన్నెండు అడుగుల బరకం 600, సన్నతాడు పదిహేను మీటర్లు 90. మొత్తం 690.

వెరసి 2,700 రూపాయలు. ఇంట్లో రగ్గు ఉన్నవారికి 2,250. నోటీసుబోర్డు మీది 13,700కు ఇది అయిదోవంతు కూడా లేదు. బరువు మాత్రం ఎక్కువ, సందేహం లేదు. బరకం, రగ్గు మోయాలి. కొన్న సామాను తేలిక, మన సామాను చౌక. కుర్రవాళ్ళ వీపులు గట్టివి గనుక మేము రెండోదే ఎన్నుకొన్నాం.

ఈ లెక్కలో ఒక వింత గమనించండి. మనం ఉయ్యాల ఉయ్యాల అని కలవరించే ఆ గుడ్డ ఖరీదు 410, అనగా మొత్తంలో ఆరోవంతుకన్నా తక్కువ. మిగిలినదంతా ఆ గుడ్డ చుట్టూ ఉన్నవాటికే. పడకుండా ఉండడానికి కొంత, కుట్టకుండా ఉండడానికి కొంత, వణకకుండా, తడవకుండా ఉండడానికి కొంత. ఉయ్యాల చౌకే. నిద్రే ఖరీదు.

ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించరాదు

డబ్బు తక్కువైనపుడు చేయి మొదట తప్పుడు చోటికి పోతుంది. "దోమతెర ఎందుకు సార్, చలికాలం గదా" అన్నారు. ఏజెన్సీ మలేరియాకు పేరుపడ్డ ప్రాంతం. మలేరియా క్రిములను దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విజ్ఞానం పుట్టిన రాష్ట్రాల్లోనే దోమతెర లేకుండా అడవిలో పడుకోవడం సిగ్గుచేటు. ఇంకొక సంగతి: ఉయ్యాలలో దోమ కిందినుండి కూడా కుడుతుంది, వీపుకు గుడ్డ అతుక్కొని ఉంటుంది గనుక. తెరను చుట్టూ కిందివరకు తెచ్చి ముడివేయాలి. కింద ఫోమ్ చాప ఉంటే అది రెండో కాపలా.

పట్టీల దగ్గర అసలు తగ్గించరాదు. సన్నతాడు చెట్టు బెరడును కోస్తుంది, పైగా జారుతుంది. వెడల్పు పట్టీ బరువును పంచుతుంది. పాత నవారు ఇంట్లో ఉందని తేకండి. ఎండకు, తడికి నానిన నూలు ఎంత మోస్తుందో పైకి చూస్తే తెలియదు. కొత్త సామానైనా సరే, మనిషికన్నా ముందు ఇసుక మూటలు ఎక్కాలి. మేము 100 కిలోల ఇసుక వేసి గంటసేపు వదిలి, కుట్లు, ముడులు చూసుకొన్న తరువాతే ఎక్కాం.

తగ్గించదలిస్తే పైకప్పులో తగ్గించండి. ఇద్దరి ఉయ్యాలలు దగ్గరగా కట్టి ఒకే పెద్ద బరకం వేయవచ్చు. వానలో తాడు వెంట నీరు కారి గుడ్డలోకి వస్తుంది. ఉయ్యాలకు జానెడు ముందు తాడుకు ఒక పాతగుడ్డ పీలిక కట్టి వేలాడదీయండి, నీరు అక్కడే బొట్లుబొట్లుగా కిందికి దిగిపోతుంది. దీనికి కాణీ ఖర్చు లేదు.

కొర్రబయలు రాత్రి

నర్సీపట్నం మీదుగా చింతపల్లి పోయే దారిలో ఘాటు ఎక్కితే లంబసింగి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దీనికే కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట ఉన్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. మేము అనుమతి తీసుకొన్న ఒక ప్రైవేటు తోటలో దిగాం. రిజర్వు అడవిలో అటవీశాఖవారి అనుమతి లేకుండా రాత్రి బస చేయరాదని గుర్తుంచుకోండి.

ఆ ప్రాంతమంతా కాఫీతోటలు. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, ఉయ్యాలకోసమే పుట్టినట్టు ఉంటాయి. కాని వాటిమీదికి మిరియాల తీగ పాకించి ఉంటుంది. పట్టీ బిగిస్తే ఒక రైతు పంట నలిగిపోతుంది. పైగా ఆ చెట్టు కొమ్మలు పెళుసు. కనుక తీగలేని పనస, మామిడి చెట్లు చూసి, పైన ఎండుకొమ్మలు లేవని నిర్ధారించుకొని కట్టాం.

ప్రయోగశాలనుండి ఒక థర్మామీటరు తెచ్చాను. రాత్రి తొమ్మిదికి 12 డిగ్రీలు, తెల్లవారుజామున నాలుగింటికి 7 డిగ్రీలు. రెండు గంటల ప్రాంతంలో ఒక విద్యార్థి పళ్ళు కొరుక్కుంటూ నెగడు దగ్గరికి వచ్చాడు. ఒంటిమీద రెండు రగ్గులు, తలకు మఫ్లరు. "పైన ఇంత కప్పుకొన్నా వీపు గడ్డకడుతోంది సార్" అన్నాడు. అతను ఫోమ్ చాప బరువని బస్సులోనే వదిలేశాడట. అతని పక్క ఉయ్యాలలో ఒకే రగ్గుతో, కింద చాపతో పడుకొన్నవాడు గురకపెడుతున్నాడు.

కారణం సులువే. రగ్గు వెచ్చదనం దాని ఉన్నిలో లేదు, ఉన్నిలో చిక్కుకొన్న గాలిలో ఉంది. వీపుకింద నలిగిన రగ్గులో గాలి ఉండదు. ఆ పైన ఉయ్యాల కిందినుండి చల్లగాలి వీస్తూ ఉన్న వేడిని ఊడ్చుకుపోతుంది. కనుక నలగని చాప వీపుకింద ఉండాలి, లేదా రగ్గును ఉయ్యాల కిందిభాగాన వదులుగా కట్టాలి. మేమావేళ చేసింది మరొకటి. నలిపిన వార్తాపత్రికలను అతని వీపుకు, గుడ్డకు మధ్య దట్టంగా కూరాం. అరగంటలో నిద్రపోయాడు. 250 రూపాయల చాప చేయవలసిన పనిని పాతపేపర్లు చేశాయి. అయితే పేపర్లు కూరుకొన్నవాడు నెగడుకు దూరంగా ఉండాలని వేరే చెప్పాలా?

"పాత తాడు కట్టం బాబూ"

ఉదయం మంచులో సామాను విప్పుతుండగా ఆ ఊరి పెద్దాయన ఒకరు వచ్చి నిలబడ్డారు. మా పట్టీలు పట్టుకొని చూశారు, కొక్కెం లాగి చూశారు, ముడి దగ్గర ఆగి తల ఊపారు. మా ముడులగురువు ముఖం వెలిగిపోయింది. "తాతా, మీరూ ఇలాంటివి కడతారా?" అని అడిగాడు.

"కడతాం. డోలీ" అన్నారాయన. "రోడ్డు లేని ఊళ్ళున్నాయి గదా పైన. జొరమొచ్చినోళ్ళని, నొప్పులొచ్చిన ఆడోళ్ళని మోసుకొస్తాం. పాత తాడు కట్టం బాబూ. మనిషి గదా."

ఎవ్వరం మాట్లాడలేదు. డోలీలో రోగులను, గర్భిణులను మోసుకొచ్చిన వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఒక గుడ్డ, ఒక కర్ర, రెండు ముడులు. మా ఉయ్యాలకు, దానికి సామానులో పెద్ద తేడా లేదు. మాకది ఒక రాత్రి సరదా. వారికది ఆస్పత్రికి దారి. రాత్రి చలికి సణిగిన కుర్రవాడే ముందుగా, "సార్, మన తాళ్ళు కొత్తవే గదా, వీళ్ళకిచ్చి వెళ్దామా?" అన్నాడు. పట్టీలు, కొక్కేలు ఒక జత ఇచ్చి వచ్చాం. అది దానం కాదు. రోడ్డుకు బదులూ కాదు. ఊరికే బస్సెక్కలేక చేసిన పని.

సంఘానికి ఒక సూచన

చివరగా నా ప్రతిపాదన. మనిషికొక జత కొనుక్కోమనడం మానండి. సంఘం పది జతలు కొని కళాశాల ఆస్తిగా ఉంచితే 27,000 రూపాయలు అవుతుంది. ఏడాదికి ఆరు రాత్రులు చొప్పున మూడేళ్ళు వాడితే 180 పడకలు. ఒక్కొక్క పడకకు 150 రూపాయలు పడుతుంది. తాళ్ళు, పట్టీలు ఏటా పరీక్షించి, అరిగినవి మార్చడానికి కొంత విడిగా తీసిపెట్టాలి. నైలాను ఎండకు పాడవుతుంది గనుక సామాను నీడలో, పొడిగా భద్రపరచాలి. ఎవరు తీసుకొన్నారో, ఏ స్థితిలో తిరిగి ఇచ్చారో ఒక రిజిస్టరు ఉండాలి. దాని బాధ్యత ఎవరికి ఇవ్వాలో నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉన్న ఆ కుర్రవాడు ఇప్పటికే జూనియర్లకు మామిడితోటలో ముడులు నేర్పుతున్నాడు.

ఈ ఏడు నోటీసుబోర్డు మీద మళ్ళీ జాబితా పడుతుంది. అందులో ధరల వరుస లేకుండా పేర్ల వరుస మాత్రమే ఉంటే, ఒక్క పేరూ కొట్టివేయబడకుండా ఉంటే, నా నడుము నొప్పికి తగిన ఫలితం దక్కినట్టే. అవును, ఆ రాత్రి నేనూ మొదట నిలువునానే పడుకొన్నాను.